ఆ ఏడు కర్ర ఎవరి చేతిలో

ఎలిశబెతు కుడిచేతి బొటనవేలిని చిటికెనవేలి అడుగు గీత మీద పెడుతుంది. అది తను. మధ్య గీత నాయన. పై గీత తాత. అక్కడి నుంచి ఉంగరపు వేలికి దాటుతుంది. దాని అడుగు గీత ముత్తాత. అక్కడ బొటనవేలు ఆగిపోతుంది. కాసేపు ఒత్తి పట్టుకొని, మళ్ళీ చిటికెనవేలి దగ్గర మొదలుపెడుతుంది. రేషన్ బియ్యం కోసం నిలబడినా, చర్చిలో వాక్యం వింటున్నా, పొయ్యి మీద పాలు కాగుతున్నా ఆ వేలు కదులుతూనే ఉంటుంది. చూసినవాళ్ళు ప్రార్థన చేసుకుంటోందనుకుంటారు.

ఆమెకు అరవై రెండు నిండాయి. ఊరు చిట్టమూరు మండలంలో ఉంది. తూర్పున రొయ్యల గుంటలు, పడమర వరి, వరికి పైన చెరువు. ఆ ఊళ్ళోనే ముప్పై మూడేళ్ళు అంగన్వాడీ నడిపింది. పిల్లను చంకనేసుకొని వచ్చిన తల్లి ‘బుజ్జి’ అని చెబితే రాసేది కాదు. “ఏ బుజ్జి? ఊళ్ళో పద్నాలుగు మంది బుజ్జిలుండారు. పూర్తి పేరు చెప్పు. లేకపోతే ఇంటికి పోయి పెట్టుకొని రా” అనేది. ఊళ్ళో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళ పేర్లన్నీ మొదట ఆమె చేతిరాతలోనే కాగితం మీద పడ్డాయి. పోయిన ఏడాది ఉద్యోగం అయిపోయింది. భర్త పోయి ఆరేళ్ళు. కూతురు ఏంజెలిన్ గూడూరులో కాపురం. పక్క ఇల్లు తమ్ముడు జయకుమార్‌ది. అతను ఆటోలో రొయ్యల మేత మూటలు తోలుతాడు.

వాళ్ళ ముత్తాత ఊరికి నీరుగంటి. చెరువు తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్ళో చూసి కాలవ మళ్ళించడం అతని పని. చేతిలో మనిషెత్తు కర్ర ఉండేది. దానితో నీళ్ళ లోతు చూసేవాడు. గట్టు మీద పాముల్ని తోలేవాడు. అతనికి సెంటు భూమి లేదు. కానీ ఎవరి పొలం ముందు తడవాలో, ఎవరిది ఆగాలో ఆ కర్ర చెప్పేది.

తెల్లవాళ్ళ కాలంలో ఒక కార్తీకంలో గాలివాన వచ్చింది. చెరువు నిండి, తూము నోటికి బిగించిన చెక్క బిరడా కొట్టుకుపోయింది. నీళ్ళు అడ్డం లేకుండా కిందికి దూకాయి. తూము చుట్టూ కట్ట కరగసాగింది. నీరుగంటి దేవయ్య గడ్డీ గోనే మట్టీ కలిపి ఒంటికి చుట్టుకొని తూము నోట్లోకి దిగాడు. నీళ్ళు ఆగాయి. దేవయ్య పైకి రాలేదు.

ఈ సంగతి ఎలిశబెతుకు నాయన చెప్పాడు. నాయన పేరు యేసురత్నం. బడిలో ఆయన్ని అందరికంటే వెనక, గోనెపట్టా కూడా లేకుండా కూర్చోబెట్టేవాళ్ళు. “మా తాత తూములో పడుకోకుంటే మీకు గింజ లేదు” అని ఆయన అనేవాడట. కూలికి పోయిన చోటా అదే మాట. అరవై ఏళ్ళు అదే మాట. మంచాన పడ్డాక చివరి వారంలో, మనుషుల్ని గుర్తు పట్టని స్థితిలో కూడా, ఆ ఒక్కటి తప్పు లేకుండా చెప్పాడు.

ఈ ఏడు ఎండాకాలంలో పాత తూము పడగొట్టి కొత్తది కట్టారు. ఒకరోజు నీటి సంఘం అధ్యక్షుడు పెంచలకృష్ణ ఎలిశబెతు ఇంటి ముందు బండి ఆపాడు.

“అక్కా, తూము పక్కన రాయి నిలబెడతా ఉండాం. మీ ముత్తాత పేరుతో.”

“మా ముత్తాతకా?”

“తూములో పోయినాయన ఆయనే గదా. మా తాత కూడా చెప్పేవాడు. నువ్వే గుడ్డ తియ్యాల. రెండు మాటలు మాట్లాడాల. టీచరమ్మవు, నీకు మేం చెప్పేదేముంది.”

నెల తిరగకముందే రాయి ఫొటో ఫోనులో వచ్చింది. ‘నీరుగంటి దేవయ్య. ఊరి కోసం తూములో ప్రాణం విడిచినవాడు. ఆవిష్కరణ: ఆయన మునిమనవరాలు శ్రీమతి ఎలిశబెతు.’ ఆమె దాన్ని పెద్దది చేసి ఒక్కొక్క అక్షరం చూసింది. తప్పు లేదు.

జయకుమార్ కూడా చూశాడు. “నీ పేరు కింద నా పేరు వేయించుంటే ఏం పోయె?”

“నువ్వేం చేసినావని?”

“నువ్వు మాత్రం ఏం చేసినావు మే? పుట్టినావు. నేనూ పుట్టినా గదా.”

అయినా అతను సంబరంగానే ఉన్నాడు. నాయుడుపేట వెళ్ళి తెల్లచొక్కా కొనుక్కున్నాడు.

ఆవిష్కరణ శనివారం పది గంటలకు. రెండు మాటలైనా సరిగ్గా మాట్లాడాలని ఎలిశబెతు అనుకుంది. ఏ సంవత్సరమో, అప్పటికి ఆయన వయసెంతో తెలిస్తే బాగుంటుందనుకుంది. సోమవారం నాడు పద్మనాభయ్య ఇంటికి వెళ్ళింది. ఊళ్ళో ఆయనే పెద్ద. తొంభై దాటాడు. చెరువు కింద మొదటి మడి వాళ్ళదే. వసారాలో ఆయన పడక కుర్చీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఆమె కూర్చుంది. తన నాయన ఆ వసారాలో ఎన్నడూ కూర్చోలేదు.

“దేవయ్యా? తూములో పోయినాడంటారులే” అన్నాడు పద్మనాభయ్య. “నాకెప్పుడూ అర్థం కాలేదమ్మాయ్. గాలివాన పోయిన మూడోనాడు మా తాత కయ్యలో నీళ్ళు చూసేదానికి పోతే, దేవయ్య కర్ర పట్టుకొని గట్టు మీద నిలబడుండాడంట. ఏందిరా చెట్లన్నీ పడిపాయె అంటే, అవునయ్యా అన్నాడంట. మర్సంవత్సరం గూడా ఆయనే నీళ్ళు కట్టినాడు.”

“పోయినాయన ఎట్టా నిలబడుంటాడయ్యా?”

“అదే గదా నేను చెప్పేది.”

లోపలి నుంచి ఆయన కోడలు మజ్జిగ తెచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకొని, మెల్లగా చెప్పాడు.

“వాళ్ళు ఇద్దరమ్మా. అన్నదమ్ములు. ఒక ఏడు అన్న చేస్తే ఒక ఏడు తమ్ముడు. వంతు. ఏటా మొదటిసారి తూమెత్తేటప్పుడు కర్ర ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి పొయ్యేది. కర్ర ఎవరి చేతిలో ఉంటే ఆయన దేవయ్య. వాళ్ళ నాయనో తాతో దేవయ్య అనేవాడు ఉండుంటాడు. మావాళ్ళకు ఆ పేరే అలవాటు. వచ్చినోడిని దేవయ్యా అంటే పలికేవాడు. ఇంక రెండో పేరు ఎవరడిగినారు?”

ఎలిశబెతు బొటనవేలు ఉంగరపు వేలి మీద ఉంది.

“ఆ గాలివాన ఏడు వంతు ఎవరిదయ్యా?”

“అది మా తాతకూ తెలీదు. మనకు సంవత్సరం ఉగాదితో మారతాది. వాళ్ళకు తూమెత్తిన రోజు మారతాది. అది అటూ ఇటూ కార్తీకంలోనే. ఆ ఏడు తూమెత్తినాక వచ్చిందో గాలివాన, ఎత్తకముందే వచ్చిందో.” ఆయన ఆమె ముఖం చూశాడు. “పోయినాయన పొయ్యె, ఉన్నాయన ఉండె. మా వాళ్ళకు ఇద్దరూ ఒకటే.”

ఆ మాట ఆయన చెడ్డగా అనలేదు. ఆమె లేచి దండం పెట్టి బయటికి వచ్చింది. వీధిలో చాలాదూరం నడిచాక, ఇంటికి వెళ్ళే దారి కాదని తెలిసి వెనక్కి తిరిగింది.

ఊళ్ళో చర్చికి పాస్టరు బెన్హర్ అనే యువకుడు. మంగళవారం ఆయన పాత బాప్తీస్మపు రిజిస్టరు తీసి ఇచ్చాడు. పుటలు చెదలు తిని జల్లెడలా ఉన్నాయి. తాత పేరు దొరికింది. దాని పక్కన ‘తండ్రి: దేవయ్య, నీరుగంటి’ అని ఉంది. ఆమెకు ఊపిరి వచ్చింది. రెండు వరసలు కిందికి వస్తే ఇంకొక పిల్లవాడు. అతనికీ ‘తండ్రి: దేవయ్య, నీరుగంటి’. తల్లుల పేర్లు వేరు. వయసు గడిలో ఇద్దరికీ ‘సుమారు పది’.

“వీళ్ళు అన్నదమ్ములేమో అక్కా. రెండో సంబంధం పిల్లలేమో” అన్నాడు బెన్హర్.

“కాదు పాస్టరు గారూ” అంది. ముప్పై మూడేళ్ళలో తనెప్పుడూ ఇలాంటి గడి నింపలేదు.

రెండో పిల్లవాడి తరఫు వాళ్ళు ఎక్కడున్నారో ఆమెకు తెలుసు. తెలుసని అప్పుడే తెలిసింది. వాకాడు దాటి సముద్రం దగ్గర ఒక పల్లెలో నవోమి అని ఒక ముసలామె ఉంది. పెళ్ళిళ్ళలో రెండు మూడుసార్లు చూసింది. అక్క అని పిలిచేది. ఎలా అక్క అవుతుందో ఎప్పుడూ అడగలేదు. నాయన మాత్రం వాళ్ళ ఊసెత్తితే, “మా చిన్నతాత వాళ్ళు. ఆ గాలివానకు భయపడి సున్నపు బట్టీల కాడికి పారిపోయినోళ్ళు” అనేవాడు.

గురువారం బస్సెక్కి వెళ్ళింది. నవోమి ఇంటి ముందు నీడలో కూర్చొని చేటలో బియ్యం చెరుగుతోంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి. చూపు బాగానే ఉంది. వచ్చిందెవరో చూసి చేట పక్కన పెట్టలేదు.

“యేసురత్నం కూతురివి గదా. ఏంది ఇంత దూరం? ఎవరన్నా పోయినారా?”

“ఎవరూ పోలేదక్కా. పోయినాయన గురించే వచ్చినా.”

చెప్పింది. రాయి సంగతి దాచకుండా చెప్పింది. తన పేరున్న వరస దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. నవోమి బియ్యంలో నుంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

“తూములో పోయింది మా ముత్తాత మే. మీ ఆయన గట్టు మీద ఉండాడు.”

“ఎవరు చెప్పినారు?”

“ఎవరు చెప్పేదేంది? మా ముత్తవ్వే చెప్పింది. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆమె పక్కలోనే పండుకున్నా. గాలివానకు ఎనిమిది దినాల ముందు కర్ర మా ఇంటికొచ్చిందంట. కొత్త పంచ ఇచ్చినారంట కట్టుకొమ్మని. ఆ పంచ మీదనే పోయినాడు.”

“మా నాయన గూడా అట్నే చెప్పినాడు. పంచ సంగతి లేదు గాని.”

“మీ నాయన చూసినాడా?”

“మీ ముత్తవ్వ మాత్రం తూము కాడ ఉండిందా?”

నవోమి చెయ్యి ఆగింది. “ఆమె మొగుడు ఇంటికి రాలేదు మే. దానికి తూము కాడ ఉండాల్నా?”

ఎలిశబెతు తల దించుకుంది. తల ఎత్తకుండానే అడిగింది.

“ఆయన పేరేందక్కా? సొంత పేరు.”

“మొగుడి పేరు ఆమె నోటితో అంటాదా? ‘కర్రాయన’ అనేది. మా తాత ‘నాయన’ అనేవాడు. ఇంకెవరంటారు?”

“మా ఇంట్లో గూడా అంతే. మా అవ్వవాళ్ళు ‘మీ తాత’, ‘మీ జేజినాయన’ అని మాకు చెప్పేవాళ్ళేగాని పేరు పెట్టి అనింది లేదు.”

“సరిపాయె. పేర్లు రాసే ఉద్యోగం చేసినావు నువ్వు.”

నవోమి నవ్వింది. అందులో ఎత్తిపొడుపు ఉంది గాని పగ లేదు. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఎలిశబెతు చివరి మాటగా ఒకటి పట్టుకుంది.

“మా ముత్తాత గట్టు మీద మిగిలినాయన అయితే మా ఊళ్ళోనే గదా చచ్చిపోయుండేది. మావాళ్ళందరి సమాధులూ ఉండాయి. ఆయనది మాత్రం లేదు.”

“మా ఊళ్ళోనూ లేదు. అప్పుడు మనోళ్ళకు సమాధులు యాడివి? వాగొడ్డున పూడ్చిపెట్టేది, వాగొచ్చి తీసకపొయ్యేది.” నవోమి టీ ఊదుకుంది. “మేము పారిపోయినామని మీ నాయన అనేవాడంట. మొగుడు పోయి, పిల్లోణ్ణి వెంటబెట్టుకొని పుట్టింటికొచ్చిన దాన్ని పారిపోయిందంటారా?”

ఇంటివాకిలి అవతల రొయ్యల గుంటలో చక్రాలు నీళ్ళు చిలుకుతున్నాయి. ఎలిశబెతు టీ తాగి గ్లాసు తనే కడిగి బోర్లించింది. వస్తానని చెబితే నవోమి తల ఊపింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చొని తన ముందున్న దాన్ని వరసలో పెట్టబోయింది. నవోమి ముత్తవ్వ చెప్పింది తను స్వయంగా అనుభవించినది. నాయన చెప్పింది తాత చెప్పగా విన్నది. అంటే నవోమిదే నిజం. కానీ వాళ్ళు వంతులు మార్చుకునేవాళ్ళు కూడా కావచ్చు. ఒకరికి జ్వరమైతే ఇంకొకరు వెళ్ళేవాళ్ళేమో. కర్ర ఒక ఇంట్లో ఉండి మనిషి ఇంకొక ఇంటి నుంచి వెళ్ళి ఉండవచ్చు. మూడోనాడు గట్టు మీద నిలబడినవాడు ఎవరు? తన అన్నో తమ్ముడో కాళ్ళ కింద, ఆ తూములోనే ఉండగా, రైతు పలకరిస్తే అవునయ్యా అన్నవాడు. అతను మా ముత్తాత అయితే? ఆమెకు మొదటిసారి ఆ మనిషి మీద జాలి కలిగింది. వెంటనే, నాయన ఏమనుకుంటాడో అని భయం వేసింది. నాయన పోయి పద్దెనిమిదేళ్ళు.

దిగవలసిన చోటు దాటిపోయింది. కండక్టరు చెబితే గాని తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం తూము దగ్గరికి వెళ్ళింది. పెంచలకృష్ణ మనుషుల చేత షామియానా గుంజలు పాతిస్తున్నాడు. రాయికి పసుపు గుడ్డ కప్పి ఉంది.

“ఆ రాయి ఆపాల పెంచలకృష్ణా.”

“ఏమైందక్కా?”

మొత్తం విన్నాడు. చెమట తుడుచుకున్నాడు.

“ఇప్పుడు సిమెంటు గూడా ఆరిపోయింది. రెండు పేర్లుంటే చెప్పు, పక్కన ఇంకో రాయి పెడదాం. నా సొంతంగా పెడతా. ఉండాయా పేర్లు?”

“లేవు.”

“మరింకేంది? దేవయ్య అనే గదా రాసింది. పోయినాయన నీ ముత్తాతో, ఆయన అన్నో, తమ్ముడో. ఏదైనా మీ ఇంటాయనే.”

“కింద నా పేరుంది. మునిమనవరాలు అని ఉంది.”

“చిన్న ముత్తాతకైనా పెద్ద ముత్తాతకైనా మునిమనవరాలివే గదక్కా. ఎందుకింత కష్టపెట్టుకుంటావు?”

అతను చెప్పిందాంట్లో తప్పేమీ కనబడలేదు. అయినా ఒప్పు అని కూడా అనిపించలేదు. గుడ్డ కొస పైకెత్తి, తన పేరు చూసి, మళ్ళీ వదిలేసింది.

ఇంటికి వచ్చేసరికి జయకుమార్ అరుగు మీద తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వార్త అతనికి ముందే చేరింది.

“నాయన అబద్ధం చెప్పినాడంటావా?”

“నేను అట్టా అన్నానా?”

“మరి?”

“నాయనకు గూడా తెలీదేమో.”

“తెలీకుండా అరవై ఏళ్ళు చెప్తాడా?”

“తెలీనిదే గదరా అన్నేళ్ళు చెప్పాల్సొచ్చేది.”

అన్న తర్వాత ఆ మాట తనకే అర్థం కాలేదు. జయకుమార్ ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు.

“రేపు పదిగంటలకు ఊరంతా వస్తాది. మైకులో ఏం చెప్తావు? మా ముత్తాత కాదేమో అని చెప్తావా? నాయన్ని ఎగతాళి చేసినోళ్ళ మనవళ్ళు ముందు వరసలో కూర్చోనుంటారు. అది ఆలోచించుకో.”

“అదే ఆలోచిస్తా ఉండా.”

“ఆలోచించింది చాల్లే. గమ్మున గుడ్డ లాగేసి వచ్చెయ్.”

ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మర్నాడు చెప్పవలసిన రెండు మాటలు రాయడానికి కాగితం తీసింది. ‘మా ముత్తాత’ అని రాసి కొట్టేసింది. ‘మా ఇంటి పెద్ద’ అని రాసి అదీ కొట్టేసింది. కాగితం మడిచి పక్కన పెట్టి అన్నం వండుకుంది.

మరునాడు ఉదయం ఆరున్నర బస్సుకు ఎలిశబెతు వాకాడు వైపు వెళ్ళింది. తూము ఉన్న దారి కాదది. నవోమి అప్పుడే ముఖం కడుక్కుని వాకిట్లో నిలబడి ఉంది.

“మళ్ళీ ఏంది మే?”

“పద అక్కా. పదింటికి రాయి దగ్గర ఉండాల.”

“రాయి మీద ఎవరి పేరుంది?”

“దేవయ్య పేరు. కింద నాది.”

“నాది లేదు.”

“లేదు.”

“మరి నేనొచ్చి ఏం చెయ్యాల? చప్పట్లు కొట్టాల్నా?”

“గుడ్డకు రెండు అంచులుండాయి.”

నవోమి కొంగుతో ముఖం తుడుచుకుంది. తొందరపడలేదు.

“తూములో పోయింది మా ముత్తాత. ఆడ మైకు ఇస్తే అదే చెప్తా. నువ్వు ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను. మా నాయన చెప్పింది నేను చెప్తా.”

“ఒప్పుకోకుండా ఎందుకొచ్చినావు మరి?”

“నాకూ తెలీదక్కా.”

నవోమి ఆమెను పైనుంచి కిందికి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి పెట్టె మూత ఎత్తింది. క్రిస్మసుకు కట్టే నీలం చీర తీసింది. నడుము వంగదు, కుచ్చిళ్ళు సర్దేవాళ్ళు లేరు అని గొణిగింది.

ఎలిశబెతు నేల మీద మోకాళ్ళూని కూర్చొని చీర కుచ్చిళ్ళు సర్దింది. బస్సు ఎనిమిదింబావుకు.